మడత తలుపుకి ఇవతల

జనవరి 9

వ్యాసం వచ్చింది. ఒక్క ముక్క కూడా కోయకుండా వేశారు. పక్కన నా ఫొటో, పాతది. అందులో నాకు గడ్డం కింద రెండో మడత ఇంకా రాలేదు. పొద్దున్నే సంపాదకుడు ఫోన్ చేసి, "సోల్‌ఫ్రిద్, ఇది చదివాక చర్చి కౌన్సిలు వాళ్ళు మొహం ఎక్కడ దాచుకుంటారు?" అన్నాడు. దాచుకోనక్కర్లేదు. హాలు మీద చెయ్యి వెయ్యకుండా ఉంటే చాలు.

మొల్లెబాకెన్ చర్చి వెనక భాగంలో ఉన్న హాలు కూలగొట్టి ఫ్లాట్లు కట్టిస్తారట. చర్చి ఆస్తి, చర్చి ఇష్టం అట. ఎవరి ఆస్తి? ఈ నది ఒడ్డు వాడల్లో ఎర్ర ఇటుక చర్చిలు ఎందుకు లేచాయో ఏళ్ళ తరబడి రాస్తున్నాను. మిల్లు పొగగొట్టం కంటే చర్చి గోపురం కాస్త ఎత్తుండాలి, షిఫ్టు దిగి వచ్చే పిల్ల తలెత్తితే ముందు అదే కనబడాలి. అందుకోసం లేచాయి. ఇళ్ళ వరుసలో మూల స్థలం చూసి మరీ ఇరికించారు. గ్రానైట్ పునాది, కోసుగా లేచిన కిటికీలు, పలక రాయి కప్పు, అన్నీ యజమానుల భక్తి. కానీ ఆ హాలు సంగతి వేరు. అది నూలు మిల్లు ఆడవాళ్ళు మేజోళ్ళు అల్లి అమ్మి సంపాదించుకున్నది. అక్కడే కాఫీ తాగారు, అక్కడే సమ్మె చెయ్యాలా వద్దా అని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ప్రార్థన జరిగే మందిరానికీ హాలుకీ మధ్య ఆర్కిటెక్టు ఇటుక గోడ కట్టలేదు, చెక్క మడత తలుపు పెట్టాడు. ఎందుకు? అటు దేవుడు, ఇటు మనుషులు అని గీత గియ్యడానికి. నా పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం దీని మీదే ఉంది. ఇంతవరకూ ఒక్కడూ కాదనలేదు.

చివరి పేరా ఇలా ముగించాను: "బిషప్పు ఆశీర్వాదం ఆ మడత తలుపు దగ్గర ఆగిపోతుంది. దానికి ఇవతల ఉన్నది చర్చి కాదు. మీ ఇల్లూ మా ఇల్లూ లాంటి మామూలు ఇల్లు."

బాగుంది. చాలా బాగుంది. పొద్దున్నించి ఎన్నిసార్లు చదువుకున్నానో.

జనవరి 10

మధ్యాహ్నం హాలుకి వెళ్ళాను. పేపరు అప్పటికే వంటగది బల్ల మీద ఉంది, జామ్ మరకతో. చర్చి బాగోగులు చూసుకునే ఒడ్నీ వాఫల్స్ వేస్తోంది. నన్ను చూసి, "రామ్మా రా. పేపర్లో పడ్డ మొహానికి కాఫీ పొయ్యాలా, లేకపోతే ఊరికే చూసి తరించాలా?" అంది.

"కాఫీ పొయ్యి. తరించడం ఆదివారాలు చేసుకో."

తెయుతా, వాళ్ళ నాన్న హైరూష్ పొయ్యి పక్కనే ఉన్నారు. శరత్కాలం నుంచీ ఇక్కడే. ఆశ్రయం కోరుతూ వీళ్ళు పెట్టిన అర్జీ రెండోసారి కూడా కొట్టేసి, కొసోవోకి తిప్పి పంపడానికి మనుషులు బయల్దేరేలోపు, పాస్టర్ టోర్లైఫ్ చర్చి తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. పాస్టర్లలో నేను మనిషిగా లెక్కవేసేది అతనొక్కణ్ణే, అదీ ఈ పని చేసినందుకే. పోలీసులు చర్చిలో అడుగు పెట్టరు. చట్టమేం కాదు, ఆనవాయితీ, పైవాళ్ళ నోటిమాట. గుమ్మం దాటి బయటికొస్తే మాత్రం పట్టుకుంటారు. ఊళ్ళో వాళ్ళంతా వీళ్ళు ఆల్టర్ పక్కన పడుకుంటున్నారనుకుంటున్నారు. ఈ చలిలో అక్కడ పడుకుంటే తెల్లారేసరికి బిగుసుకుపోతారు. మందిరంలో బెంచీల కింద హీటర్లు ఆదివారం ప్రార్థనకి తప్ప వెయ్యరు, వేడికి ఆర్గన్ వాద్యం చెక్క ఎండి చీలుతుందట. అందుకని పడకలు హాల్లో, పగలంతా హాలు మూలనున్న వంటగదిలో.

ముసలాయన మా భాష నేర్చుకునేది నా వ్యాసాలతోనే. వేలు పెట్టి చదువుతాడు, తెలియని మాట దగ్గర కూతురి మోచెయ్యి గోకుతాడు. రాసేవాళ్ళంతా బడిపంతుళ్ళే అని ఆయన లెక్క. నన్ను టీచరమ్మా అంటాడు. ఇవాళ చివరి పేరా దగ్గర వేలు ఆగింది. తెయుతా వాళ్ళ భాషలో చెప్పింది. ఆయన చుట్టూ చూశాడు, పొయ్యి వైపు, కిటికీ వైపు, వాఫల్ పెనం వైపు.

"ఇది చర్చి కాదా, టీచరమ్మా?"

"కాదు హైరూష్. ఇది మీది. జనానిది."

ఆయన మడత తలుపు వైపు చెయ్యి చూపించాడు. "మరి నా కుర్చీ అటు వేసుకోనా?"

"అటు వేసుకుంటే ముక్కు ఊడి ఒళ్ళో పడుతుంది!" అన్నాను. ఒడ్నీ పగలబడి నవ్వింది. తెయుతా ఆయనకి చెప్పింది. ఆయనా నవ్వాడు. కుర్చీ అక్కడే ఉంది.

మంచి ప్రశ్న. భయం మనిషిని దేవుడి వైపు కుర్చీ జరుపుకునేలా ఎలా చేస్తుందో, ఇంకో వ్యాసానికి పనికొస్తుంది.

జనవరి 13

ఉత్తరాలు వస్తున్నాయి. ఎక్కువ నా వైపే. ఒక పెద్దమనిషి మాత్రం నాకు దేవుడి భయం లేదన్నాడు. ఉంది నాయనా, ఆయన ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్ళంటే భయం.

జనవరి 16

పొద్దున రేడియోలో కౌన్సిలు అధ్యక్షుడితో చర్చ. పాపం, కాగితాలు తెచ్చుకున్నాడు. నేనేం తెచ్చుకోలేదు. "ఆ హాలు చర్చి అయితే, చివరిసారి అక్కడ ఎవరికి బాప్తిస్మం ఇచ్చారో చెప్పండి" అన్నాను. నీళ్ళు నమిలాడు. కార్యక్రమం నడిపే అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. స్టూడియో బయట కొత్త మంచు పడి ఉంది, సూర్యుడు కూడా వచ్చాడు. ట్రామ్ ఎక్కకుండా నది వెంట నడిచి

హైరూష్‌ని తీసుకెళ్ళారు.

జనవరి 17

నిన్న పై వాక్యం పూర్తి చెయ్యలేదు. ఇంటికొచ్చి అది రాస్తూ ఉండగా ఫోన్ మోగింది, టోర్లైఫ్. అంతే.

ఇవాళ ఒడ్నీ చెప్పింది. చెబుతూ, కడిగిన కప్పే మళ్ళీ కడుగుతూ ఉంది.

"రొట్టెల బండి అనుకున్నా. పెరటి తలుపు తీశా. ఇద్దరు మగాళ్ళు, ఒక ఆడమనిషి. యూనిఫాం లేదు. బూట్ల మంచు చాప మీద దులుపుకుని మరీ వచ్చారే! ఎవరో ఏమిటో తెలిసేలోపే 'కాఫీ తాగుతారా' అని అడిగేశా. నా నోరు పడిపోను."

"తెయుతా ఎక్కడుంది?"

"అటు మందిరంలో, కొవ్వొత్తుల మైనం గీకుతోంది. మాటలు విని తలుపు తోసుకుని వచ్చింది. ఆ ఆడ పోలీసు చెయ్యి అడ్డం పెట్టింది. 'నువ్వు అటే ఉండమ్మా. ఈ పట్టా దాటావంటే నిన్నూ తీసుకెళ్ళాలి' అంది. కసిరి కాదు, మెల్లగా. మంచి చెబుతున్నట్టు."

మడత తలుపు జారడానికి నేలలో ఇత్తడి పట్టా ఉంది. నా పుస్తకంలో దాని ఫొటో పెద్దది వేశాను.

"ఆయనకి కోటు వేసుకోడానికి టైం ఇచ్చారు. టీ తాగేదాకా ఆగారు. ఈ పిల్ల ఒక కాలు ఆ పట్టా మీద పెట్టింది. అప్పుడు అరిచాడమ్మా ముసలాయన. వాళ్ళ భాషలోనే, కానీ నాకు అర్థమైంది. ఆయనకి అంత గొంతుందని నాకు తెలీదు. ఆ కాలు వెనక్కి తీసుకుంది." కప్పు బోర్లించింది. "వంటగదిలో రేడియో ఆపలేదు నేను, చేతులు తడిగా ఉండి. నువ్వే మాట్లాడుతున్నావు. బాప్తిస్మం గురించి."

నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. ఎవరు ఏమిటని అడక్కుండా తలుపు ఎలా తీశావన్నాను. ఒడ్నీ నాకంటే పెద్దది. చెయ్యి తుడుచుకుని హాల్లోకి వెళ్ళి, ఖాళీ పడక మీద దుప్పటి మడత పెట్టింది.

జనవరి 18

టోర్లైఫ్‌తో పోట్లాట. ఆర్గన్ చీలుతుందని మనుషుల్ని బయటి గదిలో పడుకోబెట్టిందెవరు అన్నాను. చెక్కకున్న విలువ ముసలి ఊపిరితిత్తులకి లేదా అన్నాను. మందిరంలో హీటర్లు వేసి ఉంటే హైరూష్ ఇవాళ అక్కడే కూర్చుని ఉండేవాడు అన్నాను. ఇదంతా నిజమే. ఇందులో ఏ ఒక్క మాటా వెనక్కి తీసుకోను.

"అవును," అన్నాడు. "అది నా మీదే ఉంది. పొద్దున్నే లేవగానే అదే గుర్తొస్తోంది." తరవాత అన్నాడు, "ఆ పోలీసుల పై ఆఫీసరుకి ఫోన్ చేశాను. చర్చిలోకి ఎలా వచ్చారని అడిగాను. చర్చిలోకి రాలేదు కదా అన్నాడు. మందిరాన్ని ముట్టుకోలేదు కదా అన్నాడు. సోల్‌ఫ్రిద్, నీ వాక్యం అప్పజెప్పాడు. బిషప్పు ఆశీర్వాదం ఆ తలుపు దగ్గర ఆగిపోతుంది. అక్షరం పొల్లుపోలేదు."

"పేపరు చదవడం నేరమా ఇప్పుడు?"

"నేరమని ఎవరన్నారు?"

"నేను హాలుని కాపాడటానికి రాశాను!"

"తెలుసు."

"ఒప్పుకోకు నువ్వు! వాదించు!"

"ఓపిక లేదు," అన్నాడు. "నాది నేను చూసుకుంటాను. నీది నువ్వు చూసుకో."

జనవరి 19

వాళ్ళు ఎలాగైనా వచ్చేవాళ్ళే.

జనవరి 20

వాళ్ళు ఎలాగైనా వచ్చేవాళ్ళే. తెయుతా వాళ్ళ లాయరు కూడా అదే అన్నాడు. అంటే, నేను అడిగాను, అతను ఔననలేదు, కాదనలేదు. ఇలాంటి కేసుల్లో చెప్పలేమండీ అన్నాడు.

తెయుతా దగ్గరికి వెళ్ళలేదు. జలుబు.

జనవరి 22

కనుక్కున్నాను!

జలుబు అబద్ధం. రెండు రోజులూ ఇంట్లో కూర్చుని ఒకే సంగతి ఆలోచించాను. హాలు కూడా చర్చే అని రుజువు చెయ్యగలిగితే పోలీసులు చేసింది అక్రమం, హైరూష్‌ని వెనక్కి తేవాలి. నేను రాసినదానికి నేనే ఎదురు నిలబడాలి. నిలబడతాను, నాకేం భయమా?

ఇవాళ ఒడ్నీని నిచ్చెన పట్టుకోమన్నాను. మొన్న అరిచినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. నిచ్చెన అడిగాను.

"మొన్నటిదాకా ఇది చర్చి కాదన్నావు. ఇవాళ అటక మీద దేవుణ్ణి వెతుకుతున్నావా?" అంది.

హాలుకి చెక్క కప్పు ఉంది, తెల్ల రంగు, తక్కువ ఎత్తు. జనానికి జనమంత ఎత్తు అని దాని గురించి కూడా రాశాను. మడత తలుపు పక్కన ఒక పలక వదులుగా ఉంటే జరిపి, తల లోపలికి పెట్టి టార్చి వేశాను. పైన ఇంకో కప్పు. అసలు కప్పు. మందిరం కప్పే, అదే వంపు, అదే దూలాలు. దాని అంచున ద్రాక్షతీగ పట్టీ, ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, కాస్త బంగారం. ఆల్టర్ దగ్గర మొదలై మందిరం గోడ వెంట వచ్చే తీగే. నేను ఎప్పుడూ అది మడత తలుపు పైన ముగుస్తుందనుకున్నాను. ముగియలేదు. తలుపు మీదుగా దాటి, హాలు పైన సాగి, పెరటి గోడ దాకా వెళ్ళి, అక్కడ ఒక గుత్తితో ఆగింది. మసి పట్టి ఉంది, కానీ ఉంది.

అంటే ఇదంతా ఒకటే గది. బిషప్పు వచ్చి చర్చిని ఆశీర్వదించిన రోజున మడత తలుపు లేదు. తరవాతెప్పుడో, బొగ్గు దొరకని యుద్ధ కాలంలో అయ్యుంటుంది, మొత్తం గది వెచ్చబెట్టలేక వెనక భాగాన్ని తలుపుతో విడగొట్టి, కప్పు కిందికి దించి, పొయ్యి పెట్టుకున్నారు. తలుపు వెనక ఆర్కిటెక్టు ఆలోచనా లేదు, దేవుడికీ మనిషికీ మధ్య గీతా లేదు. చలేసింది, తలుపు పెట్టుకున్నారు.

ఒక అధ్యాయం మొత్తం రాశాను. ఆ కప్పు కింద ఎన్నో కాఫీలు తాగాను. ఎన్నడూ ఆ పలక జరిపి చూడలేదు. వెతికితే నా వాదనకి అడ్డొచ్చేది దొరుకుతుందని నాలో ఎక్కడో తెలుసేమో.

కానీ ఇవాళ పైనుంచి కిందికి దిగుతూ సంతోషపడ్డాను. రాసుకోక తప్పదు. ఒంటినిండా దుమ్ముతో, ఒడ్నీ చేతులు పట్టుకుని ఊపేశాను. ముసలాయన నిర్బంధంలో ఉన్నాడు, నేను గొప్ప సంగతి కనుక్కున్నానని గంతులేశాను.

జనవరి 23

పొద్దున లాయరుకి చెప్పాను. మర్యాదగా విన్నాడు. "పైకప్పు మీద తీగ ఎవరికి కావాలండీ? ఇవాళ అక్కడ వాఫల్స్ వేస్తున్నారా, ప్రార్థన చేస్తున్నారా, అదే చూస్తారు. పైగా..." అని ఆగాడు. పైగా ఏమిటో నేను అడగలేదు.

అయినా రాశాను. "పవిత్ర స్థలంలోకి పోలీసులు." దాన్ని తీసుకుని తెయుతా దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇప్పుడు మందిరంలోనే ఉంటోంది, వెనక బెంచీ మీద, రెండు కోట్లు వేసుకుని. టోర్లైఫ్ హీటర్లు వేయించాడు. వెచ్చగా లేదు, చచ్చేంత చలీ లేదు. నావికుల క్షేమం కోసం ఇక్కడి చర్చిల్లో కప్పుకి వేలాడదీసే చిన్న చెక్క ఓడ ఆ వేడికి మెల్లగా తిరుగుతోంది.

చదివి వినిపించాను. తీగ గురించి చెప్పాను, చెయ్యెత్తి చూపించాను.

"అంటే నాన్న చర్చిలోనే ఉన్నాడు," అంది.

"అవును! అదే నేను చెప్పేది!"

"మీరు కాదన్నారు కదా."

"అప్పుడు నాకు తెలీదు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "తెలీనప్పుడు అంత బాగా ఎలా రాశారు?"

నాకు జవాబులు వచ్చు. ఎవరికైనా, దేనికైనా వచ్చు.

మళ్ళీ ఆమే అంది, "నేను నాన్నకి తప్పు చెప్పాననుకున్నాను. ఆ రోజు, మీ పేపరు. నా భాష చాలదు కదా. మీరు ఇంకేదో రాసి ఉంటారు, నేను ఇది చర్చి కాదని చెప్పాను. అటు వెళ్ళద్దని చెప్పాను. రోజూ అదే అనుకుంటున్నా. నా వల్లే దొరికిపోయాడని."

ఇది రాయడం కష్టంగా ఉంది. ఆ మాట విన్నాక ఒక్క క్షణం ఊరట కలిగింది. ఆమె అలాగే అనుకోనీ అనిపించింది. ఆమెకి తప్పు ఎవరిదో ఒకరిది కావాలి, తనదే అనుకుంటోంది, నేను నోరు మూసుకుంటే చాలు. అణగారిన వాళ్ళ తరఫున ఇన్నేళ్ళు రాసిన మనిషిని నేను. ఒక్క క్షణం కాదు. ఇంకా ఎక్కువే.

"నువ్వు సరిగ్గానే చెప్పావు," అన్నాను. "నేను రాసింది అదే. పోలీసులు కూడా అదే చదివారు."

తల ఊపింది. నేను తెచ్చిన కాగితాలు మడిచి, జాగ్రత్తగా, నాకే ఇచ్చింది.

జనవరి 24

10వ తారీకు రాసింది మళ్ళీ చదివాను. "మంచి ప్రశ్న." నా చేతి రాతే.

చింపెయ్యలేదు. చింపెయ్యాలనుకోలేదని రాయడానికి లేదు.

జనవరి 25

"పవిత్ర స్థలంలోకి పోలీసులు" సంపాదకుడికి పంపలేదు. అందులో మొదటినుంచి చివరిదాకా నా పాత వ్యాసం సంగతి ఒక్క ముక్క లేదు. నేను గమనించనే లేదు, అంత సహజంగా తప్పించాను. తీగ నేనే కనుక్కున్నట్టు మాత్రం రెండు చోట్ల ఉంది.

జనవరి 26

హైరూష్ ఫోన్ చేశాడు, విమానాశ్రయం దగ్గర వాళ్ళని పెట్టే చోటు నుంచి. గురువారం పంపేస్తారట. తెయుతా చర్చి ఆఫీసు గదిలో ఫోన్ పట్టుకుని ఎక్కువసేపు వింది, తక్కువ మాట్లాడింది. పెట్టేసి బయటికొచ్చి, "నేను కూడా వెళతాను," అంది.

ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. టోర్లైఫ్ చెప్పాల్సింది చెప్పాడు: నీ తమ్ముడి మీద కక్ష పెట్టుకున్నవాళ్ళు అక్కడ ఇంటికొచ్చి అడుగుతున్నారు, నాన్న ముసలివాడు కాబట్టి వదిలేస్తారేమో, నిన్ను వదలరు. తెయుతా, "నాన్నకి రాత్రి మందులు ఏవి వేసుకోవాలో తెలీదు," అంది.

తరవాత నేను. మర్యాదగా ఉండాల్సింది, కానీ నాకు మాట్లాడటం ఒక్కటే వచ్చు. ఇప్పుడు నువ్వు బయటికెళితే వాళ్ళు గెలిచినట్టే అన్నాను. నీ అంతట నువ్వు వెళ్ళిపోయావని రాస్తారన్నాను. రేపు ఇంకో చర్చిలో ఇంకో కుటుంబం ఉంటుంది, వాళ్ళ సంగతేమిటన్నాను.

"ఆ కుటుంబంలో మా నాన్న ఉన్నాడా?" అంది.

"అది కాదు తెయుతా, ఇది నీ ఒక్కదాని..."

"సోల్‌ఫ్రిద్, ఇంక ఆపవే!" అంది ఒడ్నీ. గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతిలో గుడ్డ. "ఈ పిల్ల నిన్ను చర్చకి పిలిచిందా? వెళతానంటోంది. వింటే విను, లేకపోతే కాఫీ తాగు."

విన్నాను. విమానంలో నాన్న పక్కన కూర్చుంటే చాలని ఆమె అడుగుతోంది, అంతకంటే ఏం లేదు. అందుకు ఎవరో ఒకరు పోలీసులకి చెప్పాలి, బయటికొస్తోంది, ఇద్దరినీ ఒకే విమానంలో పంపండి అని. టోర్లైఫ్ తన నోటితో ఆ మాట చెప్పలేనన్నాడు. నేను తెరిచిన తలుపులోంచి నేనే అప్పగించలేను, నన్ను అడక్కు అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

తెయుతా నా వైపు తిరిగింది. "మీరు చెయ్యండి. మీకు మాట్లాడటం బాగా వచ్చు."

జనవరి 27

ఫోన్ చేశాను. రేపు పొద్దున వస్తారు.

జనవరి 28

వెళ్ళిపోయింది.

మందిరం ముందు తలుపు నుంచే వెళ్ళింది, గోపురం కింద నుంచి, మెట్లు దిగి. పెరటి వైపు వద్దంది. వీధిలో జనం తక్కువ, ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు, ఒక తల్లి చంటిపిల్లని మంచు మీద జారే స్లెడ్జి చెక్క మీద లాక్కుంటూ పోతూ మాకు దారిచ్చింది. కారు పక్కన ఆ ఆడ పోలీసే ఉంది. తెయుతా చేతిలోని సంచీ తీసుకుని డిక్కీలో పెట్టింది, ముందు సీట్లో కూర్చుంటావా అని అడిగింది. ఒడ్నీ కాగితంలో చుట్టిన వాఫల్స్ ఇచ్చింది, "వీటిలో సగం ఆయనకి, నువ్వే తినెయ్యకు" అంది, అని లోపలికి పారిపోయింది. టోర్లైఫ్ తెయుతా తల మీద చెయ్యి పెట్టాడు. ఏదో గొణిగాడు. ఆమె మతం వేరు, అయినా తల వంచి నిలబడింది.

నాతో, "చలిగా ఉంది, లోపలికి వెళ్ళండి," అంది.

మధ్యాహ్నం సంపాదకుడు ఫోన్ చేశాడు. ఎవరో చెప్పారట. పెద్ద వ్యాసం కావాలి, మొదటి పేజీ ఇస్తానన్నాడు. "నీకంటే బాగా ఎవరు రాస్తారు?" అన్నాడు. మొదటి వ్యాసం తప్పని, హాలు చర్చిలో భాగమేనని, అది చదివి పోలీసులు వచ్చారని, ఇంత చిన్న దిద్దుబాటు మాత్రం వెయ్యమన్నాను. నా పేరు మీద, ఫొటో లేకుండా. "కౌన్సిలు వాళ్ళు పండగ చేసుకుంటారు, హాలు కూలుతుంది, తెలుసా?" అన్నాడు. తెలుసు. వెయ్యమన్నాను. ఇదేదో గొప్ప పని అయినట్టు ఇక్కడ రాసుకోకూడదు. ఆ విమానం ఆగదు.

నిన్నటిది ఒకటి రాయలేదు.

పోలీసులకి ఫోన్ చర్చి ఆఫీసు గది నుంచి చేశాను. తెయుతా ఎదురుగా కుర్చీలో కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా పెదాల వైపే చూస్తూ. సంగతి చెప్పాను. యూనిఫాం లేకుండా రమ్మన్నాను, సంకెళ్ళు వద్దన్నాను, ఇద్దరినీ విడదియ్యకూడదన్నాను. ఆఫీసరు అన్నిటికీ సరే అన్నాడు. మంచి గొంతు, చదువుకున్న గొంతు. నా పేరు అడిగాడు, రాసుకోవడానికి. చెప్పాను.

"సోల్‌ఫ్రిద్ త్వైతెన్? పేపర్లో రాసే త్వైతెనా?"

"అవును."

"మేం అందరం చదివామండీ, ఆ హాలు గురించి రాసింది. మాకు ఎప్పటినుంచో ఈ చర్చిల దగ్గర ఎక్కడిదాకా వెళ్ళొచ్చో అర్థం కాని గొడవ. మీరు చాలా విడమరిచి రాశారు. చాలా బాగుంది."

వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. నాలో ఇన్నేళ్ళ కోపం ఉంది, ఆ క్షణం కోసమే దాచుకున్నంత కోపం. అతనికి చెప్పాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ వాటికంటే ముందు ఇంకోటి వచ్చేసింది. ఇక్కడ పుట్టిన ఎవరి నోటికైనా, ఎవరైనా ఏదైనా బాగుందంటే, తలచుకోకుండానే వచ్చేది.

"థాంక్స్," అన్నాను.

తెయుతాకి ఆ మాట తెలుసు. ఈ దేశంలో అందరూ ముందు నేర్చుకునే మాట అదే.